వాన రోజు లోకల్ ఆగితే నాగా ఎవరికి?

పొద్దున నాలుగున్నర. దివాలో ఒక చిన్న ఖోలీ. బయట వాన దంచుతోంది. స్టవ్ ముట్టించకముందే ఆమె ఫోన్ తీస్తుంది. ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో అప్పటికే ఎవరో అడిగి ఉంటారు: "లోకల్ నడుస్తున్నదా?" కళ్యాణ్ నుంచి ఒకామె, డోంబివలీ నుంచి ఒకామె జవాబు పెడతారు. ఆ జవాబును బట్టే ఆమె రోజు గడుస్తుంది.

ఆమె మామ కరీంనగర్ వైపు నుంచి వచ్చి లోయర్ పరేల్‌లో ఒక మిల్లు సాంచాల ఖాతాలో చేసినవాడు. మిల్లు పోయింది. ఆ జాగాలో అద్దాల మేడలు లేచినాయి. ఇప్పుడు ఆమె రోజూ లోకల్ ఎక్కి, అవే మేడల్లో నాలుగు ఇళ్లకు వంట చేసి వస్తుంది. పేరు రాయొద్దన్నది కాబట్టి రాయడం లేదు.

"ఇల్లు మునుగుతదని కాదక్కా నా భయం. నాగా పడుతదని. నాలుగు ఇళ్లు చేస్త. ఒక ఇంటామె మంచిది, ఊకుంటది. ఇంకో ఇంటామె లెక్క పెట్టి కోస్తది. రైలు ఆగితే నేనేం జేస్త చెప్పు?" అని అడిగింది.

వాతావరణం మారుతోంది, భూమి వేడెక్కుతోంది అని టీవీలో వింటూనే ఉన్నాం. అదేదో మంచుకొండల సంగతి అనుకుంటాం. ముంబైలో అది మన ఇంటికి రైలు పట్టాల మీదుగానే వస్తుంది. వాన ఎక్కువైతే లోకల్ ఆగుతుంది, లోకల్ ఆగితే పగారు తెగుతుంది. రైలు, బస్సు, మెట్రో ఈ వానలకు ఎంతవరకు నిలబడతాయి, నిలబడాలంటే ఏం కావాలి, మన ఇళ్లల్లో మనం ఏం చేసుకోవాలి అన్నది ఈసారి చూద్దాం.

మిల్లు భోంగా నుంచి లోకల్ దాకా

మన పెద్దవాళ్లకు ఈ బాధ ఇంతగా లేదు. వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్, లాల్‌బాగ్, నాయగావ్ చాళ్లల్లో ఉండేవాళ్లు. మిల్లు భోంగా కూసినంక ఇంట్లోంచి బయలుదేరినా పాళీకి అందుకునేవాళ్లు. మోకాళ్ల లోతు నీళ్లున్నా లుంగీ ఎగగట్టి నడిచిపోయేవాళ్లు. పనికి, ఇంటికి మధ్య రైలు అనేది లేదు.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మెలో దాదాపు రెండున్నర లక్షల మంది పాల్గొన్నారు. ఆ తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1991లో వచ్చిన నిబంధనలతో మిల్లు భూముల్లో కట్టడాలకు దారి తెరుచుకుంది. చాళ్లు అమ్ముకున్నవాళ్లు, కిరాయి భరించలేనివాళ్లు దూరం జరిగారు. భివండి, కళ్యాణ్, దివా, కల్వా, బద్లాపూర్, నాలాసోపారా, వసయి. ఇల్లు దూరం పోయింది గాని పని మాత్రం పాత జాగాలోనే ఉండిపోయింది. కాకపోతే సాంచాకు బదులు ఇప్పుడు ఊడ్చుడు, వంట, సెక్యూరిటీ, ఆఫీసు బాయ్, హాస్పిటల్ ఆయా పని.

అందుకే లోకల్ రైలు ఆగడం అనేది అందరికీ ఒక్కటి కాదు. ఆఫీసు సారు ఇంట్లో కూర్చుని లాప్‌టాప్ తెరుస్తాడు. వంట, చెత్త, కావలి పని ఫోన్‌లో కాదు కదా.

2005 జులై 26, మంగళవారం

ఆ రోజు గుర్తున్నవాళ్లు మన ఇళ్లల్లో ఇంకా చాలామంది ఉన్నారు. మధ్యాహ్నం రెండు తర్వాత వాన పెరిగింది. శాంతాక్రూజ్‌లో 24 గంటల్లో 944 మిల్లీమీటర్ల వాన పడింది. అదే రోజు కొలాబాలో పడింది 73 మిల్లీమీటర్లే. అంటే దక్షిణాన ఆఫీసుల్లో ఉన్నవాళ్లకు ఉత్తరాన ఏం జరుగుతోందో తెలియలేదు. మామూలుగానే వీటీలో, చర్చ్‌గేట్‌లో రైలు ఎక్కారు. ఆ రైళ్లు మధ్యలో ఆగిపోయాయి.

సరిగ్గా అదే సమయంలో, మధ్యాహ్నం నాలుగు గంటలకు కొంచెం ముందు, సముద్రం పోటు మీద ఉంది. పోటు ఎత్తు 4.48 మీటర్లు. ఊరి నీళ్లు సముద్రంలోకి పోలేదు. మీఠీ నది పొంగి కుర్లా, కలీనా మునిగాయి. లక్షల మంది రాత్రంతా రైళ్లల్లో, బస్సుల్లో, స్కూళ్లల్లో గడిపారు. మిగతావాళ్లు పట్టాల వెంబడి నడిచారు. ముంబైలో వందల మంది చనిపోయారు, మహారాష్ట్ర మొత్తం లెక్క వెయ్యి దాటింది.

మా చిన్నమ్మ ఆ రోజు సయన్ దగ్గర దిగి, ముందు నడిచే ఒక ముసలాయన కట్టె పట్టుకుని పొడిచి చూసిన చోటే కాలు పెడుతూ వచ్చింది. మర్నాడు పొద్దున ఇల్లు చేరింది. ఇప్పటికీ వాన జోరందుకుంటే గుమ్మంలో నిలబడి ఎవరు రావాలో వేళ్ల మీద లెక్క పెడుతుంది.

నీళ్లకు రైలు ఎందుకు ఆగుతుంది?

"అంత పెద్ద ఇనుప బండి, జానెడు నీళ్లకు ఆగుడేంది?" అని చాలామంది అడుగుతారు. కారణాలు మూడు.

మొదటిది సిగ్నల్. పట్టాల్లో సన్నని కరెంటు పారుతూ ఉంటుంది. బండి వచ్చిందా లేదా అని ఆ కరెంటే సిగ్నల్‌కు చెబుతుంది. పట్టాలు మునిగితే కరెంటు నీళ్లల్లోకి జారిపోతుంది. అప్పుడు ముందు బండి లేకున్నా సిగ్నల్ ఎర్రగానే ఉంటుంది. అది చెడిపోవడం అనుకోవద్దు. అనుమానం వస్తే ఎరుపు చూపించేలాగే దాన్ని తయారు చేశారు, మన ప్రాణాల కోసం. రెండోది, బండిని ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కు మళ్లించే మోటారు. అది పట్టాల పక్కనే, నేల మీదే ఉంటుంది. మూడోది, బండిని లాగే మోటార్లు. అవి డబ్బాల కింద చక్రాల దగ్గర ఉంటాయి. వాటిలోకి నీళ్లు పోతే బండి ఆ రోజుకే కాదు, చాలా రోజులకు మూలపడుతుంది. అందుకే నీళ్లు పట్టా పైన హద్దు దాటితే రైల్వేవాళ్లు బండ్లు ఆపేస్తారు.

మరి పట్టాలు ఎత్తు చేస్తే? కొన్నిచోట్ల చేశారు. కానీ పట్టా ఎత్తు చేస్తే ప్లాట్‌ఫారం కురచ అవుతుంది, అదీ ఎత్తు చేయాలి. పైన కరెంటు తీగకు, బండికి మధ్య దూరం తగ్గుతుంది, అదీ సరిచేయాలి. ఇంకో సంగతి ఉంది. ఎత్తయిన పట్టా కట్ట లాగ నిలబడుతుంది. నీళ్లు ఇటు నుంచి అటు పోలేక పక్క బస్తీలోకి తిరుగుతాయి. రైలుకు ఆరింది, చాళ్లు మునిగాయి అంటే పని సగమే అయినట్టు. పట్టా ఎత్తడంతో పాటు దాని కింద నీళ్లు పోయే తూములు పెద్దవి చేయాలి.

గటర్ లెక్క

ముంబైలో పాత గటర్లు, నాలాలు ఇంగ్లీషువాళ్ల కాలంలో మొదలైనవి. గంటకు 25 మిల్లీమీటర్ల వానను, అదీ సముద్రం ఆటు మీద ఉన్నప్పుడు, లాగేసేటట్టు కట్టారు. 1985 వరదల తర్వాత దీని మీద పెద్ద పథకం ఆలోచించారు. 1993లో దాని నివేదిక వచ్చింది. బ్రిమ్‌స్టోవాడ్ అని పేరు. గంటకు 50 మిల్లీమీటర్లు లాగాలని లక్ష్యం. నివేదిక చాలా ఏళ్లు బీరువాలోనే ఉంది. 2005 వచ్చి మీద పడ్డాకే పని ఊపందుకుంది.

ఇప్పుడు ఈ లెక్క చూడండి. 2024 జులై 8 తెల్లవారుజామున ఒంటిగంట నుంచి ఏడు గంటల లోపు కొన్ని చోట్ల 300 మిల్లీమీటర్లు పడింది. ఆరు గంటల్లో 300 అంటే సగటున గంటకు 50. అంటే కొత్త లక్ష్యం పూర్తిగా నెరవేరినా, ఆ రాత్రి గటర్లు అంచు దాకా నిండి ఉండేవి. కుండపోత గంటలో ఇంకా ఎక్కువే పడుతుంది.

దీనికి తోడు సముద్రం. ఊరి నీళ్లు సముద్రంలో కలిసే మోరీలు 186 ఉన్నాయని లెక్క తీశారు. వాటిలో పోటు మట్టం కంటే ఎత్తున ఉన్నవి ఆరంటే ఆరు. మిగతావన్నీ పెద్ద పోటు వచ్చినప్పుడు నీళ్లను బయటికి పంపలేవు, గేట్లు లేకపోతే సముద్రమే లోపలికి వస్తుంది. అందుకే పంపులు పెట్టి తోడాలి. ఎనిమిది పంపింగ్ స్టేషన్లు అనుకున్నారు. హాజీ అలీ, ఇర్లా, బ్రిటానియా, గజ్దర్‌బంద్, మన వర్లీలో లవ్ గ్రోవ్, క్లీవ్‌లాండ్ బందర్ అయ్యాయి. మోగ్రా, మాహుల్ మిగిలాయి. మాహుల్ సంగతి మనకు ముఖ్యం. కుర్లా, సయన్, చునాభట్టి, మాటుంగా, వడాలా నీళ్లు అటే పోవాలి. సెంట్రల్, హార్బర్ లైన్లు ఎక్కువగా ఆగేది ఈ జాగాల్లోనే. భూమి దొరకడం లేదన్న మాటతోనే అది ఏళ్ల తరబడి వెనకబడింది.

వానల తీరు కూడా మారింది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు ఏడు శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది. అరేబియా సముద్రం వేడెక్కుతోంది. పుణేలోని వాతావరణ శాస్త్రజ్ఞులు 2017లో ప్రకటించిన పరిశీలన ప్రకారం 1950 నుంచి 2015 లోపు మధ్య భారతంలో, చాలా చోట్ల ఒకేసారి కురిసే అతి భారీ వానలు మూడింతలయ్యాయి. మా అవ్వ కాలంలో ముసురు నాలుగు రోజులు సన్నగా పట్టేది. ఇప్పుడు అదే వాన నాలుగు గంటల్లో దిగుతుంది.

మెట్ల మీద 23 మంది

వాన అంటే వరద ఒక్కటే అనుకోవద్దు. 2017 సెప్టెంబర్ 29, శుక్రవారం పొద్దున. ఎల్ఫిన్‌స్టన్ రోడ్, పరేల్ స్టేషన్లను కలిపే పాత పాదచారి వంతెన. ఒక్కసారిగా వాన దంచింది. గొడుగు లేనివాళ్లు మెట్ల మీదే ఆగారు. వెనక బండి వెనక బండి వచ్చింది, జనం దిగారు, నెట్టుకున్నారు. పువ్వులు పడ్డాయన్న "ఫూల్" అనే మాట, వంతెన పడిందన్న "పుల్" అని వినిపించి జనం బెదిరారని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. 23 మంది చనిపోయారు.

ఆ వంతెన ఎవరి కోసం కట్టారు, దాని మీద ఎవరు నడిచారు అన్నది మనకు తెలుసు. మిల్లుల కాలంలో ఆ స్టేషన్‌లో దిగేవాళ్లు తక్కువ, ఎందుకంటే కార్మికులు పక్కనే ఉండేవాళ్లు. మిల్లు భూముల్లో ఆఫీసులు లేచి లక్షల మంది దిగడం మొదలుపెట్టినా, మెట్లు మాత్రం పాతవే. ఆ ఘటన తర్వాత సైన్యం వచ్చి కొత్త వంతెన కట్టింది, 2018 ఫిబ్రవరిలో అది తెరిచారు. స్టేషన్‌కు ఇప్పుడు ప్రభాదేవి అని పేరు. అంత తొందరగా కట్టగలిగినదాన్ని ముందే కట్టి ఉంటే అన్న మాట ఆ 23 ఇళ్లల్లో ఇప్పటికీ ఉంటుంది.

వరద తట్టుకునే రవాణా అంటే పంపులు, మోటార్లే కాదు. వెడల్పయిన మెట్లు, వానకు నిలబడేంత పెద్ద కప్పు కూడా అందులో భాగమే.

ఒక దారి మూస్తే ఇంకో దారి మీద బరువు

2025లో రెండు సంగతులు జరిగాయి, రెండూ మన చాళ్లకు దగ్గరలోనే.

మామూలుగా ముంబైకి వానకాలం జూన్ 11 ప్రాంతంలో వస్తుంది. 2025లో మే 26నే వచ్చింది. వర్లీ నాకా దగ్గర భూగర్భ మెట్రో స్టేషన్ ఆచార్య అత్రే చౌక్ అప్పటికి తెరిచి మూడు వారాలు కూడా కాలేదు. ఒక ప్రవేశ ద్వారం పని ఇంకా నడుస్తోంది. అక్కడ నీళ్లు ఆపడానికి కట్టిన గోడ తెగి, బురద నీళ్లు మెట్ల మీదుగా ప్లాట్‌ఫారం దాకా దిగాయి. మనుషులకు ఏమీ కాలేదు, కొన్ని రోజులు ఆ స్టేషన్ మూశారు. వానకాలం ముందే వస్తే మన పని ఎక్కడి దాకా వచ్చి ఉంటుంది అని క్యాలెండర్ చూసుకోవాలన్నది అక్కడి పాఠం.

రెండోది ఆగస్టు 19. భారీ వానకు హార్బర్ లైన్ ఆగింది. ఆ జనమంతా మోనోరైల్ వైపు మళ్లారు. మోనోరైల్ చిన్నది. దాని హద్దు 104 టన్నులు, ఆ రోజు బరువు 109 టన్నుల దాకా పోయిందని అధికారులే చెప్పారు. కరెంటు అందుకునే భాగం తప్పిపోయి, మైసూర్ కాలనీ దగ్గర బండి గాలిలో ఆగిపోయింది. ఏసీ బంద్, తలుపులు బంద్. ఫైర్‌బ్రిగేడ్‌వాళ్లు నిచ్చెనలు వేసి 582 మందిని దించారు.

మోనోరైల్ మునగలేదు. మునిగింది హార్బర్ లైన్. కానీ చిక్కుకున్నది మోనోరైల్ జనం. దీన్ని బాగా గుర్తుపెట్టుకోవాలి. ఒక్క లైన్‌ను గట్టిగా చేసి, పక్క లైన్‌ను వదిలేస్తే సరిపోదు. ఒకటి ఆగినప్పుడు ఆ జనం ఎటు పోతారు, వాళ్లను ఎవరు మోస్తారు అని ముందే లెక్క ఉండాలి.

అక్కడే బెస్ట్ బస్సు గుర్తొస్తుంది. 1926 జులైలో ముంబైలో మొదటి బస్సు నడిచింది. బస్సుకు పట్టా లేదు, ఒక రోడ్డు మునిగితే ఇంకో రోడ్డు పట్టగలదు. రైలు ఆగిన రోజు జనాన్ని మోయగలిగేది అదే. కానీ ఒకప్పుడు నాలుగు వేలు దాటిన బస్సులు ఇప్పుడు మూడు వేల లోపుకు దిగాయి. 2025 మేలో కనీస టికెట్ 5 రూపాయల నుంచి 10 అయింది. వానకు గొడుగు మడిచి ఇంట్లో పెట్టుకున్నట్టే ఉంది ఈ పద్ధతి.

పరాయి ఊళ్లల్లో

చైనాలో జెంగ్‌జౌ అనే ఊళ్లో 2021 జులై 20న ఒక్క గంటలో 201.9 మిల్లీమీటర్ల వాన పడింది. మెట్రో సొరంగంలోకి నీళ్లు దూరి, ఆగిన బండిలో జనం గొంతు దాకా నీళ్లల్లో నిలబడ్డారు. 14 మంది చనిపోయారు. తర్వాత విచారణలో తేలింది ఏమిటంటే, బండ్లను ఆపవలసిన సమయంలో ఆపలేదు. కాబట్టి మన లోకల్ ఆపినప్పుడు తిట్టుకుంటాం గాని, సరైన సమయానికి ఆపడం కూడా రక్షణే. ఆపినంక జనాన్ని ఎట్లా ఇల్లు చేరుస్తారు అన్నదే మనం అడగవలసింది.

టోక్యోలో, బ్యాంకాక్‌లో భూగర్భ స్టేషన్లకు పోవాలంటే చాలాచోట్ల ముందు కొన్ని మెట్లు పైకి ఎక్కి, తర్వాత కిందికి దిగాలి. రోడ్డు మీద నీళ్లు నిలిచినా లోపలికి పోకుండా ఆ ఎత్తు ఆపుతుంది. ద్వారం దగ్గర పలకలు అడ్డం పెట్టే ఏర్పాటు కూడా ఉంటుంది. మన పల్లెల్లో గడప ఎత్తుగా ఎందుకు కట్టేవాళ్లో అదే తెలివి.

మన దగ్గరా పనులు జరగలేదని కాదు. హిందమాతా దగ్గర ప్రతి ఏడాది నడుం లోతు నీళ్లు నిలిచేవి. ఆ నీళ్లను పైపులతో మళ్లించి, దాదర్‌లో ప్రమోద్ మహాజన్ పార్కు కింద, పరేల్‌లో సెయింట్ జేవియర్స్ మైదానం కింద పెద్ద ట్యాంకుల్లో నిలబెట్టి, పోటు తగ్గినంక వదిలే ఏర్పాటు చేశారు. లైన్ మళ్లించే మోటార్లలో నీళ్లు దూరని రకం కొన్నిచోట్ల పెట్టారు. ముంబైకి 2022లో వాతావరణ కార్యాచరణ పథకం కూడా వచ్చింది. కాగితం మీద ఉన్నది స్టేషన్ మెట్ల దాకా రావడమే ఆలస్యం.

ఎండ సంగతి కూడా ఒక మాట. ఎండాకాలంలో పట్టా గాలి కంటే చాలా ఎక్కువ వేడెక్కి సాగుతుంది, వంకర పోకుండా చూసుకోవాలి, ఒక్కోసారి బండ్లు నెమ్మదిగా నడపాలి. అంతకంటే మనకు తగిలేది నీడ లేని బస్‌స్టాప్. మధ్యాహ్నం రెండో ఇంటి పని ముగించి నిలబడే ఆడమనిషికి ఒక రేకు కప్పు, ఒక మంచినీళ్ల నల్లా కావాలి. దానికి కోట్లు అవసరం లేదు.

మన ఇంట్లో చేసుకోవలసినవి

పోటు చూసుకోండి. వానకాలంలో నాలుగున్నర మీటర్లు దాటే పోటు ఏ రోజుల్లో, ఏ గంటకు అన్నది మునిసిపాలిటీ ముందే పట్టీ ఇస్తుంది, మరాఠీ పేపర్లల్లో వస్తుంది. అమావాస్య, పున్నమి చుట్టుపక్కల పోటు పెద్దది. ఆ పట్టీ కత్తిరించి క్యాలెండర్ పక్కన అంటించండి. పోటు, కుండపోత వాన ఒకే గంటకు కలిస్తే ఆ రోజు కష్టం ఖాయం.

రంగు గుర్తుపెట్టుకోండి. వాతావరణ శాఖ పసుపు అంటే కనిపెట్టుకుని ఉండండి అని, నారింజ అంటే సిద్ధంగా ఉండండి అని, ఎరుపు అంటే కదలండి, జాగ్రత్త పడండి అని. రోజులో 204 మిల్లీమీటర్లు దాటే వానను అతి తీవ్రమైనదిగా లెక్కిస్తారు.

రెండు నంబర్లు పిల్లలకు కూడా నేర్పండి. మునిసిపాలిటీ విపత్తు విభాగం 1916. రైల్వే 139.

ఆగిన బండిలోంచి దూకి పట్టాల మీద నడవొద్దు. పక్క లైన్‌లో బండి రావచ్చు, తీగ తెగి ఉండవచ్చు. రోడ్డు మీద నీళ్లల్లో నడవవలసి వస్తే కట్టెతో పొడిచి చూసి అడుగు వేయండి. 2017 ఆగస్టు వానలో ప్రభాదేవి దగ్గర ఒక పెద్ద డాక్టరు తెరిచి ఉన్న మ్యాన్‌హోల్‌లో పడి చనిపోయాడు. చదువు, హోదా చూసి నీళ్లు దారి ఇవ్వవు.

మెట్ల మీద నిలబడొద్దు. వాన తగ్గేదాకా ప్లాట్‌ఫారం మీదే ఆగండి. నిండిన బండిలోకి, నిండిన మెట్రోలోకి తోసుకుని ఎక్కొద్దు.

సంచిలో బీపీ, షుగర్ గోలీలు ఒక రోజుకు సరిపడా, రెండు బిస్కెట్ ప్యాకెట్లు, చార్జింగ్ ఉన్న ఫోన్. దాదర్, పరేల్, వర్లీ వైపు చుట్టాలుంటే ఆ రాత్రికి అక్కడ ఆగుతామని వానకాలానికి ముందే మాట అనుకోండి. 2005లో చాలామందిని కాపాడింది పరాయి చాళ్ల తలుపులే.

ఇంకోటి, కొంచెం చేదు మాట. నాలాలో ప్లాస్టిక్ సంచులు ఎవరు వేస్తారు అంటే మనమూ వేస్తాం. మునిసిపాలిటీని అడిగే నోరు మనకు ఉండాలంటే మన చెయ్యి శుభ్రంగా ఉండాలి.

ఇక అడగవలసినవి

మన సమాజాల సభల్లో పెళ్లి సంబంధాల పట్టిక చదువుతాం, చదువుకున్న పిల్లలకు శాలువా కప్పుతాం. అదే సభలో పది నిమిషాలు ఈ మాటకు ఇవ్వాలి. ఓటు అడగడానికి వచ్చిన కార్పొరేటర్‌ను ఈ నాలుగు అడగండి.

మాహుల్ పంపింగ్ స్టేషన్ ఏ వానకాలానికి నడుస్తుంది?

లోకల్ ఆగిన గంట లోపు కుర్లా, సయన్, థానే, దాదర్ నుంచి బెస్ట్ బస్సులు ఎన్ని, ఏ దారిన వస్తాయి? ఆ పట్టీ స్టేషన్ గోడ మీద ముందే ఎందుకు అంటించరు?

స్టేషన్లల్లో వానకు నిలబడే కప్పు, వెడల్పు మెట్లు మనవైపు ఎక్కడెక్కడ కావాలో మన మహిళా మండలి లెక్క తీసి ఇస్తే తీసుకుంటారా?

ఎరుపు హెచ్చరిక ఇచ్చిన రోజు, ప్రభుత్వమే ఇంట్లో ఉండండి అన్న రోజు, రోజు కూలీ మీద, ఇంటి పనిమనిషి మీద నాగా కోత ఎందుకు?

ఈ ఆఖరి ప్రశ్నకు జవాబు ప్రభుత్వం దగ్గరే ఉండాలని లేదు. దివా వదినె ఈమధ్య ఒక పని చేసింది. తన మేడలో పనిచేసే ఆడవాళ్లు పదకొండు మందిని కూడగట్టింది. తెలుగువాళ్లు, మరాఠీవాళ్లు, బెంగాలీ పిల్ల ఒకామె. అందరూ కలిసి తమ తమ ఇళ్లవాళ్లకు వానకాలానికి ముందే ఒక్క మాట చెప్పారు: ఎరుపు హెచ్చరిక రోజు రాలేము, ఆ రోజు కోయొద్దు, దానికి బదులు ఇంకో ఆదివారం వస్తాం.

"ఒప్పుకున్నరా?" అని అడిగాను.

"ఏడు ఇండ్లు ఒప్పుకున్నయి. నాకు కోసే ఆమె ఇంకా ఒప్పుకోలేదు. చూస్తనన్నది. మా మామ చెప్పేటోడు, మిల్లుల ఒక్కడు పోయి అడిగితే గేటు బయట నిలబెట్టేటోళ్లు, ఖాతా అంత కలిసి పోతే కుర్చీ వేసేటోళ్లని. మల్ల పోయి అడుగుతం అక్కా."

అంటూనే ఫోన్ చూసుకుంది. కళ్యాణ్ నుంచి మెసేజ్. ఫాస్ట్ లోకల్ ఇరవై నిమిషాలు లేటు, నడుస్తున్నది. డబ్బా సంచిలో పెట్టుకుని, గొడుగు తీసుకుని, స్టేషన్ వైపు నడిచింది.